సీటు నిండితే చాలా? యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసు లోపలి లెక్క

ఇంట్లో ఇంటర్ సెకండియర్ చదివే పిల్లలుంటే సంక్రాంతి దాటగానే ఫోన్లు మొదలవుతాయి. "నమస్తే సార్, మీ పాప ఎంపీసీయే కదా, ఏ బ్రాంచ్ అనుకుంటున్నారు?" అని అవతలి గొంతు ఎప్పటి నుంచో పరిచయం ఉన్నట్టు అడుగుతుంది. పాప పేరు తెలుసు, చదివే కాలేజీ తెలుసు, ఒక్కోసారి ఫస్టియర్ మార్కులు కూడా తెలుసు. ఫలితాలు వచ్చిన రోజైతే మేనమామ కన్నా ముందు ఏదో ఒక యూనివర్సిటీ నుంచే ఫోన్ వస్తుంది. ఆ ఫోన్లు చేసే గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. చివరి కొన్నేళ్లు ఆ గది బాధ్యత మొత్తం నాదే. ప్రకటనలు, వెబ్‌సైట్, ఎడ్యుకేషన్ ఫెయిర్లు, టెలికాలర్లు, కౌన్సెలింగ్, చివరికి ఫీజు కట్టించి తరగతిలో కూర్చోబెట్టడం వరకు అన్నీ చూశాను.

తల్లిదండ్రులు ఆ ఆఫీసును సీట్లు అమ్మే కొట్టు అనుకుంటారు. చాలా యాజమాన్యాలూ అలాగే అనుకుంటాయి. అలా అనుకోవడం వల్ల పద్దెనిమిదేళ్ల పిల్లలు ఎలా నష్టపోతారో, యూనివర్సిటీ కూడా ఎలా నష్టపోతుందో దగ్గరుండి చూశాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో మొదటి నుంచి చెప్తాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా ఒత్తిడి అంతా అక్కడి నుంచే పుడుతుంది. ఆర్టీసీ బస్సులో ఒక సీటు ఈ ట్రిప్పులో ఖాళీగా పోతే వచ్చే ట్రిప్పులో నిండుతుంది. బీటెక్ సీటు అలా కాదు, మొదటి ఏడాది ఖాళీగా మిగిలితే దాదాపు నాలుగేళ్లూ ఖాళీయే. డిప్లొమా పిల్లలు రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి ఉంది కానీ అది చిన్న దారి, దాంతో గుంత పూడదు. లెక్క కోసం ఏడాదికి రెండున్నర లక్షల ఫీజు అనుకుందాం. ఒక్క ఖాళీ సీటు విలువ పది లక్షలు, యాభై సీట్లు మిగిలితే ఐదు కోట్లు. బిల్డింగు కోసం తెచ్చిన బ్యాంకు లోను, అధ్యాపకుల జీతాలు, ల్యాబుల కరెంటు మాత్రం పిల్లలు ఎంతమంది వచ్చినా అంతే ఉంటాయి. అందుకే జులై, ఆగస్టు నెలల్లో అడ్మిషన్ల ఆఫీసులో ఎవరికీ నిద్ర ఉండదు, చైర్మన్ రోజుకు రెండు సార్లు నంబరు అడుగుతారు, ఆ నంబరు పైనుంచి కిందికి టార్గెట్‌గా దిగుతూ దిగుతూ చివరికి పన్నెండు వేల జీతానికి చేరిన టెలికాలర్ అమ్మాయి నెత్తిన పడుతుంది.

ఆ నంబరు ఎలా తయారవుతుందో చూడండి. మాకు దొరికిన ప్రతి ఫోన్ నంబరునీ లీడ్ అంటాం. ఊరికే ఉదాహరణకి లక్ష లీడ్లు ఉన్నాయనుకోండి. వాళ్లలో పదిహేను వేల మంది అప్లికేషన్ నింపుతారు, ఏడెనిమిది వేల మంది ప్రవేశ పరీక్ష రాస్తారు, రెండున్నర వేల మంది కొంత డబ్బు కట్టి సీటు పట్టుకుంటారు, తరగతులు మొదలయ్యే రోజుకి పదిహేడు వందల మంది పెట్టె సర్దుకొని హాస్టల్‌కి వస్తారు. బయటివాళ్లు మొదటి అంకె చూసి మార్కెటింగ్ అంటే అదే అనుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు చూసేది ఆ చివరి రెండు అంకెల మధ్య దూరాన్ని. డబ్బు కట్టాక కూడా రానివాళ్లు ఎందుకు రాలేదు? ఇక్కడ మేం క్యాన్సిలేషన్లు అంటాం, అమెరికాలో దీన్నే వేసవిలో కరిగిపోవడం అని పిలుస్తారు. ప్రకటనలకు ఇంకో కోటి పెట్టి లీడ్లు పెంచడం తేలిక, ఈ దూరాన్ని తగ్గించడం కష్టం, ఎందుకంటే దానికి పిల్లవాడికి ఇచ్చిన మాట నిజమై ఉండాలి.

ఆ దూరం అంత పెద్దదిగా ఎందుకుంటుందో తెలియాలంటే క్యాలెండర్ తెలియాలి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది. ఇంటర్ పరీక్షలు మార్చికల్లా ముగుస్తాయి, ఫలితాలు ఎక్కువగా ఏప్రిల్‌లో వస్తాయి. ఈఏపీసెట్ మే నెలలో, దాని ర్యాంకులతో ప్రభుత్వం సీట్లు ఇచ్చే కన్వీనర్ కౌన్సెలింగ్ జూన్ చివరో జులైలోనో మొదలై ఆగస్టు దాకా సాగుతుంది. ఎన్ఐటీలు, ఐఐటీల సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్ జూన్, జులైల్లో. ఇప్పుడు ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల సొంత పరీక్షలు చూడండి, విట్‌ది గానీ గీతంది గానీ ఎస్ఆర్ఎంది గానీ విజ్ఞాన్‌ది గానీ, వాటి మొదటి విడతలు ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కన్నా ఎంతో ముందే అయిపోతాయి. అంటే పిల్లవాడికి తన ఈఏపీసెట్ ర్యాంకు తెలియక ముందే, ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఏ కాలేజీ వస్తుందో తెలియక ముందే ఇక్కడ డబ్బు కట్టాలా వద్దా తేల్చుకోవాలి. ఏప్రిల్ నుంచి జులై దాకా ఉండే ఆ తెలియని కాలమే మా వ్యాపారమంతా. ఆ మూడు నెలల్లో ఇంటి పెద్దకి ఉండే భయం ఇంతా అంతా కాదు. ఆ భయాన్ని తగ్గించడం ఒక రకం అడ్మిషన్ల పని. పెంచడం ఇంకో రకం.

నేను పెంచిన రోజులున్నాయి. ఒక ఏడాది మే నెలలో టెలికాలర్ల కోసం నేనే ఒక స్క్రిప్టు రాశాను. "సార్, సీఎస్ఈలో ఇక పదకొండు సీట్లే ఉన్నాయి, ఈ సాయంత్రం లోపు కడితేనే" అని అందులో ఉంది. నిజానికి అప్పటికి సగం సీట్లు కూడా నిండలేదు. ఆ వారం కలెక్షన్ బాగా వచ్చింది, నన్ను మీటింగులో మెచ్చుకున్నారు. ఆగస్టులో ఒకాయన వచ్చాడు, కనిగిరి వైపు నుంచి, చేతిలో మా రసీదు. కూతురికి కన్వీనర్ కోటాలో ఇంటికి దగ్గర్లోనే మంచి కాలేజీలో సీటు వచ్చింది, కట్టిన డబ్బు వెనక్కి కావాలి, అక్కడ చేరడానికి మా దగ్గరున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. "ఆ రోజు సాయంత్రమే ఆఖరన్నారు కదండీ, పొద్దున్నే పోయి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను" అన్నాడు. కోపంగా అనలేదు, జరిగింది చెప్తున్నట్టే అన్నాడు. డబ్బు, సర్టిఫికెట్లు ఇప్పించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అన్ని రోజులు ఆయన ఊరికి వెళ్లకుండా బస్టాండు పక్కన లాడ్జిలో ఉన్నాడు. నేను రాసిన ఒక్క వాక్యం ఖరీదు అది. అప్పటి నుంచి మా గదిలో సీట్ల సంఖ్య చెప్పాల్సి వస్తే గోడ మీది బోర్డులో ఉన్న అసలు అంకె తప్ప ఇంకోటి చెప్పకూడదని నియమం పెట్టాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం, తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. ఫీజు వాపసు మీద యూజీసీ, అంటే యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ, 2018 అక్టోబరులోనే స్పష్టమైన నిబంధనలు ఇచ్చింది. అడ్మిషన్లకు ప్రకటించిన ఆఖరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే మొత్తం ఫీజు వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ కింద ఐదు శాతం లోపు, అదీ ఐదు వేలు మించకుండా పట్టుకోవచ్చు. ఆ పదిహేను రోజుల లోపలికి వస్తే 90 శాతం, ఆఖరి తేదీ దాటి పదిహేను రోజుల దాకా 80 శాతం, నెల దాకా 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. 2024-25లోనైతే ఇంకా సడలించి సెప్టెంబరు 30 లోపు మానుకుంటే పూర్తిగా, అక్టోబరు 31 లోపైతే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకొని మిగతాదంతా ఇవ్వాలని చెప్పింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థ తన దగ్గర ఉంచుకోకూడదు, చూసి వెంటనే ఇచ్చేయాలి. "నాన్ రిఫండబుల్" అని రసీదు మీద ముద్ర వేసినంత మాత్రాన ఈ నిబంధన పోదు. అడ్మిషన్ల హెడ్‌గా ఉన్నవాళ్లు ఈ కాగితాన్ని ప్రతి కౌన్సెలర్ బల్ల మీదా అంటించాలి. మేం అంటించాక నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతేంటంటే, డబ్బు వెనక్కొస్తుందని ముందే చెప్పిన ఇళ్లలో చేరేవాళ్లు తగ్గలేదు. తల్లులు నమ్మకంగా ఇంకో ఇద్దరిని తీసుకొచ్చారు.

యూనివర్సిటీ అనే మాట గురించి కూడా కొంచెం విడమరచాలి. ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా లాంటివి ప్రభుత్వ చట్టాలతో నడిచేవి. డీమ్డ్ అంటే యూజీసీ చట్టం 1956లోని మూడో సెక్షన్ కింద కేంద్రం హోదా ఇచ్చినవి, గీతం 2007లో, విజ్ఞాన్ 2008లో అలా అయినవే. ప్రైవేటు యూనివర్సిటీలు రాష్ట్ర చట్టాలతో వచ్చాయి, ఆంధ్రప్రదేశ్ చట్టం 2016ది, తెలంగాణది 2018ది. అమరావతిలో విట్, ఎస్ఆర్ఎం రెండూ 2017లో తలుపులు తెరిచాయి. ఇవి కాక జేఎన్‌టీయూలకు అనుబంధంగా ఉండే వందలాది కాలేజీలు, వాటిలో కొన్నిటికి స్వయంప్రతిపత్తి. అనుబంధ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ నింపుతాడు, 30 శాతం యాజమాన్యం చేతిలో ఉంటాయి. డీమ్డ్ యూనివర్సిటీలో కన్వీనర్ ఊసే ఉండదు, ప్రతి సీటూ సొంతంగా నింపుకోవాలి. వాళ్లే ఎందుకు ఎక్కువ ఫోన్లు చేస్తారో, హైవే మీద పెద్ద హోర్డింగులు ఎందుకు వాళ్లవో ఈ ఒక్క తేడాతో అర్థమవుతుంది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత డీమ్డ్ సంస్థలు తమ పేరులో యూనివర్సిటీ అనే మాట వాడకూడదని యూజీసీ చెప్పింది, అప్పుడు రాత్రికి రాత్రి బోర్డులు మార్చిన సంస్థలున్నాయి. పిల్లవాడికి మాత్రం ఇవన్నీ ఒకటే, అన్నీ యూనివర్సిటీలే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా లేదా అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉందని చేరిన రెండో నెలలో తెలుసుకొని ఏడ్చిన పిల్లలను నేను చూశాను. కౌన్సెలర్ మొదటి ఐదు నిమిషాల్లో చెప్పాల్సిన మాట అది, మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

సరే, ఆ ఫోన్ నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయి? కొన్ని పిల్లలే ఇస్తారు, కాలేజీల వివరాలు చూసే పోర్టళ్లలో నంబరు కొట్టగానే అది ఒకేసారి నాలుగైదు సంస్థలకు అమ్ముడుపోతుంది. కొన్ని ఫెయిర్లలో, స్కూలు సెమినార్లలో నింపిన కాగితాల నుంచి. మిగతాది మా వాళ్లు డేటా అని పిలిచేది. ఎవరో ఒకాయన పెన్‌డ్రైవ్ పట్టుకొని వస్తాడు, జిల్లాలవారీగా ఇంటర్ పిల్లల పేర్లు, తండ్రి పేర్లు, నంబర్లు. అది ఏ కాలేజీ నుంచో, ఏ ఆఫీసు నుంచో కారిపోయినదే. దాన్ని అందరూ కొంటారు కాబట్టి మనమూ కొనాలన్నది ఈ రంగంలో అందరూ చెప్పే మాట. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. ఇంటర్ సెకండియర్ పిల్లల్లో ఎక్కువ మందికి పదిహేడేళ్లే. కాబట్టి పెన్‌డ్రైవ్ కొనడం ఇక మర్యాద తప్పడం ఒక్కటే కాదు.

ఆ మాటకొస్తే డేటా కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది అధ్యాపకులకు పెట్టే టార్గెట్లు. మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందంటే ఎవరూ ప్రశ్నించరు. థర్మోడైనమిక్స్ చెప్పే మాస్టారు మండుటెండలో బైకు మీద ఊళ్లు తిరిగి, ఇంటర్ కాలేజీల ముందు నిలబడి బ్రోచర్లు పంచి, ఇంతమందిని చేర్పిస్తే గానీ వేసవి జీతం పూర్తిగా రాదన్న షరతుతో బతుకుతుంటాడు. ఆయనకు అమ్మడం రాదు, నేర్పడం వచ్చు. ఆ రెండు నెలలు ఆయన పాఠం తయారు చేసుకోవాలి, ల్యాబ్ సరిచేయాలి. అవన్నీ వదిలి తిరిగాక జులైలో క్లాసుకి వచ్చే మనిషి అలిసిపోయి, అవమానపడి ఉంటాడు, పిల్లలకు మేం అమ్మిన చదువు మాత్రం ఆయన నోటి నుంచే రావాలి. అధ్యాపకుణ్ని అడ్మిషన్లలో వాడుకోవాలంటే ఒకే ఒక్క దారి ఉంది. వచ్చిన కుటుంబాన్ని ఆయన ల్యాబ్‌కి తీసుకెళ్లి, ఆయన్ని తన సబ్జెక్టు గురించి పది నిమిషాలు మాట్లాడనివ్వాలి. మా దగ్గర ఒక ఎలక్ట్రికల్ మేడమ్ ఉండేవారు, ఆవిడ ఏ టార్గెట్ లేకుండా అలా మాట్లాడి ఒప్పించినంత మందిని మా కాల్ సెంటర్‌లో సగం మంది కలిసినా ఒప్పించలేకపోయారు.

ఇక కమీషన్. చేర్పించిన ఒక్కో పిల్లవాడికి ఇంత అని కన్సల్టెన్సీలకు, పీఆర్వోలకు, ఒక్కోచోట ఇంటర్ కాలేజీ ప్రిన్సిపాళ్లకు కూడా ఇస్తారు. అమెరికా ఈ విషయంలో ఎప్పుడో దెబ్బ తిని నేర్చుకుంది. అక్కడ ప్రభుత్వ విద్యా రుణాలు అందుకునే సంస్థలేవీ, చేర్పించిన తలకింత అని రిక్రూటర్లకు డబ్బు ఇవ్వకూడదని 1992లో చట్టం చేశారు. తలకింత అని ఇస్తే పిల్లవాడికి ఏది మంచిదన్న ఆలోచన పక్కకు పోతుందని వాళ్లకు అనుభవంలో తెలిసింది. కానీ ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఆ రుణాలకు అర్హత లేని, విదేశాల్లో ఉండే విదేశీ విద్యార్థులను చేర్పించడానికి ఈ నిషేధం వర్తించదు. అమెరికా పిల్లవాడిని కాపాడే గోడ అమీర్‌పేట పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. 2013లో అక్కడి అడ్మిషన్ల కౌన్సెలర్ల జాతీయ సంఘం కూడా విదేశీ విద్యార్థుల విషయంలో కమీషన్ ఏజెంట్లపై తనకున్న నిషేధాన్ని సడలించింది. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, చైనాను దాటి మొదటి స్థానం. ఆ సంఖ్యలో మన తెలుగు ఇళ్ల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ కన్సల్టెన్సీల బోర్డులు చూస్తేనే తెలుస్తుంది. "మా దగ్గర కన్సల్టేషన్ ఫ్రీ" అని రాసిన చోట ఖర్చు యూనివర్సిటీ భరిస్తోందని అర్థం, కమీషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు వాళ్లు చూపించే జాబితాలో ఉండే అవకాశం తక్కువ.

ఇది ఎంత దూరం పోగలదో 2011లో చూశాం. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ అనే యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు దాదాపు తరగతులే లేని ఆ సంస్థలో వెయ్యి మందికి పైగా పేర్లు నమోదై ఉన్నాయి, వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లు. కొత్తవాళ్లను తీసుకొచ్చిన విద్యార్థికి వాళ్ల ఫీజులో వాటా ఇచ్చే పద్ధతి అక్కడ నడిచింది. మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు వేశారు, వాళ్ల తల్లులు టీవీలో అది చూశారు. ఆ సంస్థ పెట్టినామెకు 2014లో పదహారేళ్ల శిక్ష పడింది. అది మోసగాళ్ల సంస్థ, మామూలు యూనివర్సిటీలను దానితో కలపడం న్యాయం కాదు. కానీ తలకింత అన్న పద్ధతి తన దారిన తాను పోతే చివర ఏముంటుందో అందులో కనిపించింది.

తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ప్యాకేజీల గురించే, కాబట్టి అక్కడ కొంచెం ఆగుతాను. హోర్డింగు మీద "అత్యధిక ప్యాకేజీ 52 లక్షలు" అని ఒక పిల్లవాడి ఫోటో ఉంటుందనుకోండి. అది అబద్ధం కాకపోవచ్చు. అది ఒక్కడి జీతం. మీ పిల్ల సంగతి తెలియాలంటే వేరే అంకె కావాలి, అది దాచలేని చోట ఉంది. కేంద్రం 2016 నుంచి ఇస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసే ప్రతి సంస్థా తాను పంపిన డేటాను సొంత వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పీడీఎఫ్‌లో నాలుగేళ్ల యూజీ కోర్సుల కింద ఒక పట్టిక ఉంటుంది. అందులో ఆ బ్యాచ్‌కి ఎంత ఇన్‌టేక్ ఉంది, అంటే ఎన్ని సీట్లకు అనుమతి ఉంది, ఎంతమంది చేరారు, గడువులోపు ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎంతమంది వెళ్లారు అనే అంకెలు వరుసగా ఉంటాయి. జీతం అంకెల్లోనూ రాస్తారు, అక్షరాల్లోనూ రాస్తారు.

దాన్ని ఎలా చదవాలో చెప్తాను. ఉదాహరణకి వెయ్యి మంది చేరారు, ఎనిమిది వందల మంది టైముకి పాసయ్యారు, ఐదు వందల మందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం నాలుగున్నర లక్షలు అని ఉందనుకోండి. అంటే ఉద్యోగం వచ్చిన ఐదు వందల్లో సగం మందికి నాలుగున్నర లక్షలు, అంతకన్నా తక్కువే. చేరిన వెయ్యి మందిలో నాలుగున్నర దాటింది రెండు వందల యాభై మంది, అంటే నలుగురిలో ఒకరు. మిగతా ఐదు వందల మందిలో పై చదువులకు వెళ్లినవాళ్లను తీసేస్తే మిగిలినవాళ్లు ఏమయ్యారన్నది క్యాంపస్‌కి వెళ్లినప్పుడు అడగాల్సిన ప్రశ్న. ఇంకో చిన్న కిటుకు, ఇన్‌టేక్‌కీ చేరినవాళ్లకీ మధ్య తేడా చూడండి. సగం సీట్లు నిండని చోట "ఈ సాయంత్రమే ఆఖరు" అని ఎవరైనా అంటే ఆ ఫోన్ పెట్టేయవచ్చు.

ర్యాంకుల గురించి, కాలేజీల నాణ్యత చూసి నాక్ అనే సంస్థ ఇచ్చే గ్రేడుల గురించి ఎక్కువ చెప్పను. ఎన్ఐఆర్ఎఫ్‌లో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, చదువు ముగిశాక ఫలితాలకు 20, అందరికీ చోటు ఇవ్వడానికి 10, పేరుప్రతిష్ఠలకు 10. బీటెక్‌లో చేరే పిల్లకి సూటిగా సంబంధించింది ఆ 20, ఆ మొదటి 30లో కొంత. గ్రేడుల కోసం పోటీ ఎక్కడికి వెళ్లిందో 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక సంస్థకు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు ఇప్పించడానికి లంచాలు నడిచాయన్న ఆరోపణ మీద తనిఖీ బృందం సభ్యులతో సహా పదిమందిని సీబీఐ అరెస్టు చేసినప్పుడు అందరికీ తెలిసింది. ప్రకటనలో గ్రేడు వేసుకోవడం తప్పు కాదు, నేనూ వేశాను. దాని కన్నా ముందు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

అలాంటి వాటిలో ఒకటి కోర్సుల పేర్లు. 2020 నుంచి సీఎస్ఈ పక్కన కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని తోకలు మొదలయ్యాయి. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచ్‌లో సీట్లపై ఉన్న పరిమితిని, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. కొత్త బ్రాంచ్‌లు, సీట్లు కావాలని అడిగే ఫైళ్లు తయారయ్యే ముందు యాజమాన్యం అడిగేది మమ్మల్నే, "ఏది కదులుతోంది?" అని. మేం సీఎస్ఈ అంటాం, సివిల్ తగ్గుతుంది, మెకానికల్ తగ్గుతుంది. ఒక మీటింగులో నేను కొత్త బ్రాంచ్‌కి రెండు సెక్షన్లు అడిగితే డీన్ గారు నా వైపు తిరిగి "చెప్పేదెవరు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ సబ్జెక్టు చదివిన అధ్యాపకులు మా దగ్గర ఇద్దరే. ఆ ఏడాది ఒక సెక్షనే తెరిచాం. మార్కెటింగ్ హెడ్ చేతిలో ఉన్న అతి పెద్ద బాధ్యత అదేనని నాకు అప్పుడు అర్థమైంది. బ్రోచర్ భాష కాదు, ఏది అమ్మకూడదో చెప్పగలగడం.

ఈ పనిని ఒక విద్యగా మొదట ఆలోచించినవాళ్లలో అమెరికాలోని బోస్టన్ కాలేజీ అడ్మిషన్ల డీన్ జాక్ మగ్వైర్ ఒకరు. ఆయన నిజానికి భౌతికశాస్త్రం చదివినవాడు. 1976లో ఆయన ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్ అనే మాట వాడాడు. అడ్మిషన్లు ఒక గదిలో, స్కాలర్‌షిప్పులు ఇంకో గదిలో, చదువు మానేసేవాళ్ల సంగతి ఎవరికీ పట్టని మూడో గదిలో ఉంటే కుదరదని, పిల్లవాడు మొదటిసారి ఫోన్ చేసిన దగ్గర నుంచి పట్టా పుచ్చుకొనే దాకా ఒకే లెక్కగా చూడాలని ఆయన ఆలోచన. మన దగ్గర ఆ ఆలోచనలో సగమే దిగుమతి అయింది. సాఫ్ట్‌వేర్ వచ్చింది, డాష్‌బోర్డు వచ్చింది, ఏ టెలికాలర్ ఎన్ని నిమిషాలు మాట్లాడిందో సెకన్లతో సహా తెలుస్తుంది. సెప్టెంబరు దాటాక ఆ పిల్లవాడు ఏమయ్యాడో మాత్రం ఆ డాష్‌బోర్డులో కనిపించదు, ఎందుకంటే మా ఇన్సెంటివ్ ఫీజు కట్టిన రోజుతో ముగుస్తుంది.

మేం చేసిన మార్పుల్లో పనికొచ్చినది ఇదొక్కటే అని ధైర్యంగా చెప్పగలను. కౌన్సెలర్ల ఇన్సెంటివ్‌లో సగాన్ని ఆపి, వాళ్లు చేర్చిన పిల్లలు రెండో ఏడాదికి వచ్చాక ఇవ్వడం మొదలుపెట్టాం. యాజమాన్యాన్ని ఒప్పించడానికి పైన చెప్పిన పది లక్షల లెక్కనే వాడాను, మొదటి ఏడాది తర్వాత మానేసిన ఒక్కో పిల్లవాడు మిగిల్చేది మూడేళ్ల ఖాళీ, కొత్తగా ఒకణ్ని తేవడం కన్నా ఉన్నవాణ్ని నిలబెట్టుకోవడం చవక అని. మార్పు మాటల్లో వెంటనే తెలిసింది. "హాస్టల్‌లో ఏసీ ఉంటుంది" అని తేలిగ్గా చెప్పే కుర్రాడే "ఏసీ గదులు ఫైనల్ ఇయర్ వాళ్లకే అండీ, మీ బాబుకి మొదటి ఏడాది ఫ్యానే" అని చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లల పేర్లు కౌన్సెలర్లే విడిగా రాసి, మొదటి నెలలో ఇంగ్లిష్ క్లాసులు పెట్టమని డిపార్ట్‌మెంట్ వెంటపడ్డారు. అంతకుముందు ఆ పని ఎవరిదీ కాదు. టార్గెట్ ఆ ఏడాది అందుకోలేకపోయాం, కొంచెం తక్కువే పడింది. నాకు మాట కూడా పడింది.

ఆ తర్వాత ప్రతి అక్టోబరులో, వాపసు గడువులు అన్నీ ముగిసి గది కాస్త ఖాళీ అయ్యాక, మేం ఒక పని చేసేవాళ్లం. చేరి వెళ్లిపోయినవాళ్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాళ్లం, మళ్లీ రమ్మనడానికి కాదు, ఎందుకు వెళ్లారో అడగడానికి. మెస్ తిండి పడలేదన్నవాళ్లు, లోను రాలేదన్నవాళ్లు, వేరే చోట మంచి సీటు వచ్చిందన్నవాళ్లు ఉండేవారు. ఒక అమ్మాయి "మీరు బస్సు మా ఊరి దాకా వస్తుందన్నారు, రోడ్డు దాకే వస్తోంది, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు చీకట్లో నడవాలి, మా అమ్మ ఒప్పుకోలేదు" అంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్లి రూట్ మ్యాప్ చూశాను. మా బ్రోచర్లో ఉన్న ఊళ్ల పేర్లలో ఆ ఒక్కటే కాదు, ఇంకో ఆరు ఊళ్లకి బస్సు లోపలికి వెళ్లదు. తర్వాతి ఏడాది బ్రోచర్లో ఆ ఏడు పేర్లు తీసేసి, బస్సు ఆగే చోట్ల పేర్లు, అక్కడికి చేరే టైములు వేశాం.